వరస తప్పి

టోపీ తీయమంటే
ముందుగాల తలుపు దిక్కు చూసిండు.
గడియ పెట్టొచ్చి నిలబడ్డ.
అప్పుడు తీసిండు.

నారబోయిన తరుణ్. ఇరవై మూడేండ్లు.
దేవరకొండ బస్టాండు ఎదురుంగ
సెల్‌ఫోన్లకు అద్దాలు మార్చే పిలగాడు.
నుదుటి మీద స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత.
గీత మీద కుచ్చులు,
కుచ్చుకూ కుచ్చుకూ నడుమ వేలు పట్టే సందు.
ఒక్కొక్క వెంట్రుక నిటారుగ,
ఎవర్నో చూసి జడుసుకున్నట్టు.

వెనక్కి తిప్పిన.
రాళ్లవాన తిన్న బత్తాయి తోలు లెక్క
తెల్ల తెల్ల మచ్చలు.

"ఎంత తీసుకున్నరు?" అన్నది నసీమ మేడమ్.
"ఆఫర్ల నలభై వేలు.
రెండు వందల వెంట్రుకలు ఫ్రీ అన్నరు."
నవ్వబోయి ఆగిన.
"చేసింది డాక్టరేనా?"
"తెల్లకోటు ఉండె."

మేడమ్ తీపిమాటలు చెప్పదు.
"బోరు ఎంత లోతు వేసినా
లేని నీళ్లు రావు.
వెనక మిగిలినయి పన్నెండు వందలు, జరంత అటిటు.
నీకు నలభై ఏండ్లొస్తయి, యాభై వస్తయి.
ముందటియి ఇంకా పోతయి.
అన్నీ ఇయ్యాల్నే పెడితే
అప్పుడేం పెట్టుకుంటవు?"

పిలగాడు తలూపిండు.
అద్దాలు మార్చెటోడు గద,
పగిలింది పగలనట్టు కాదని
మాకన్న ఆయనకే ఎరుక.

తొమ్మిదింటికి మొదలువెట్టినం.
ముందు పీకుడు.
సూదంత గొట్టంతోని చుట్టూ కోసి
వేరు తెగకుండ గుంజాలె.
ఒక్కటి గూడ పారెయ్యం.
చల్లటి ఉప్పునీళ్ల గిన్నెల వేసి
మైక్రోస్కోపు కింద నేను
నాలుగు వెంట్రుకల కుచ్చును
ఒకటి, ఒకటి, రెండుగ విడదీస్త.

మా అమ్మ ఎడమ కాల్వ కింద నాట్లకు పోయేది.
తాడు పట్టి నాటే మడిల
వరస తప్పితే
ఆసామి గట్టు మీంచి కేకేసెటోడు.
నాది గూడ నడుము వంచే పనే.
కాకుంటే నాకు
వరస తప్పిచ్చినందుకే జీతం.
చెప్తే అమ్మ నమ్మలే.
"గదేం నాటు బిడ్డా," అన్నది.

నడిమిట్ల మేడమ్ చెయ్యి ఆగింది.
కుడి కణత మీద ఏ వాలున పెట్టాలె?
చూసుకుందామంటే అసలియి ఒక్కటి లేవు.
పాత ఫొటోల నిండ జెల్లు.

బయట బెంచీ మీద వాళ్లమ్మ, సైదమ్మ.
కొడుకు నెత్తి బాగైతే ఇస్తనన్న మొక్కు
బాగు కాకముందే గుట్టకు పోయి ఇచ్చొచ్చింది.
ఇరవై రోజుల గుండు,
మీద కొంగు.

మేడమ్ గ్లవ్సులు విప్పి బయటికొచ్చింది.
"అమ్మా, కొంగు ఒక్కసారి తీస్తవా?"
సైదమ్మ తలుపు దిక్కు చూసింది,
అచ్చం కొడుకు చూసినట్టే.
గడియ పెట్టిన.

మూడు వేళ్లు ఆనించి
మెల్లగ ఆమె చుట్టూ తిరిగింది మేడమ్.
నడినెత్తిన సుడి, ఎడమకు.
అక్కడ్నించి విడిపోయి
ముందుకొచ్చిన కొద్దీ వాలి
కుడి కణత మీద పక్కకు ఒరిగిన మొలక.
ఎక్కడా గీత లేదు.
నుదురు యాడ అయిపోయిందో
నెత్తి యాడ మొదలైందో
దున్నిన చెల్కల వాన ఇంకినట్టు
హద్దే తెలువదు.

"నా గుండు ఏం జూస్తవమ్మా," అన్నది సిగ్గుపడి.
"నేర్చుకుంటున్న," అన్నది మేడమ్.

ఐదున్నర అయింది.
మూడు వందల పది పెట్టినం. మిగిలినయి ముట్టలే.
ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి,
ఒకకాడ కావాలనే ఖాళీ.
అద్దం ఇచ్చిన.
ఎర్రటి చుక్కలు, ఎండిన నెత్తురు, అంతే.
ఇవి గూడ రాలుతయి,
నాలుగు నెలలకు మళ్ల మొలుస్తయి అని చెప్పిన.
కొన్ని మొలవకపోవచ్చు, అది గూడ చెప్పిన.

అలవాటుగ టోపీ అందుకున్నడు.
"వద్దు, వేర్లు పట్టేదాక ఏదీ తాకొద్దు."
చేతుల పట్టుకొనే బయటికి నడిచిండు.
అమ్మ కొంగు కప్పుకున్నది గని
ఎందుకో మళ్ల జార్చింది.

గిన్నె కడగబోయిన.
అడుగున ఒక్కటి,
వేరుతోని సహా, లెక్కల రానిది.

గిన్నె చేతబట్టి
చెప్పులు లేకుండనే ఉరికిన.
క్లాక్ టవర్ కాడ
ఆటో ఇంకా కదల్లే.